కదిలే శిల్పానికి మన ఊళ్లో చోటు



హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయిన వాళ్లు మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకు ఎక్కడ ఉంటారో మీలో చాలామందికి తెలుసు. లోపల చూడదగ్గవి ఎన్నో ఉన్నాయి. మేలిముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం ఉంది. రాయి పల్చని బట్టలాగా ఎలా మారిందా అని ఆశ్చర్యపోని మనిషి ఉండడు. అయినా ఆ వేళకు జనమంతా ఆ విగ్రహాన్ని ఒంటరిగా వదిలేసి గడియారం ముందుకు చేరతారు. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుంటారు. గడియారంలో ఒక తలుపు తెరుచుకుంటుంది, గడ్డం ఉన్న చిన్న మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. సుత్తె పట్టిన ఇంకో బొమ్మ క్షణం క్షణం లెక్కపెడుతూ కొడుతూనే ఉంటుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ వాళ్లు బిగించిన గడియారం అది. వేళ తెలుసుకోవాలంటే అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. జనం అక్కడ నిలబడేది ఆ బొమ్మ కదులుతుందని. బడి మెట్లెక్కని అవ్వా, ఇంజనీరింగు చదివిన మనవడూ ఒకే చోట ఒకే కుతూహలంతో మెడ సాచి చూసే కళావస్తువు మన రాష్ట్రంలో అంతకు మించి ఇంకొకటి నాకు కనిపించలేదు.

ఈవేళ నేను మాట్లాడదలుచుకున్నది కదిలే శిల్పాల గురించి. మ్యూజియంలో టికెట్టు కొని చూసేవి మాత్రమే కాకుండా నలుగురు తిరిగే కూడలిలో, చెరువుగట్టు మీద, బస్టాండు ముందర ఉండదగినవాటి గురించి. పెద్ద నగరాలకు ఇవి కొత్త కావు. 1920లో మాస్కోలో నౌమ్ గాబో అనే శిల్పి ఒక్క ఉక్కు కడ్డీని మోటారుతో కంపింపజేశాడు. ఆ కడ్డీ గాలిలో అల ఆకారం దాల్చి నిలిచింది. మోటారు ఆపితే అక్కడ శిల్పమే లేదు. తర్వాత అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ తీగలకు రేకులు వేలాడదీసి, వాటిని గాలికే వదిలేశాడు. 1931లో పారిస్‌లో ఆయన పనిచేసే గదికి వెళ్లిన మార్సెల్ డుషాంప్ ఆయన కదిలే శిల్పాలకు మొబైల్స్ అని పేరు పెట్టాడు. మన చేతుల్లోని ఫోనుకు ఆ పేరు రావడానికి ఎన్నో ఏళ్ల ముందటి మాట. ఇప్పుడు సింగపూర్ విమానాశ్రయంలో రాగిపూత పూసిన 1,216 అల్యూమినియం చినుకులు సన్నని తీగలకు వేలాడుతూ, కంప్యూటరు చెప్పినట్టు లేస్తూ దిగుతూ రకరకాల రూపాలు కడతాయి. చెక్ దేశపు ప్రేగ్ నగరంలో రచయిత కాఫ్కా తలను 42 ఉక్కు పొరలుగా కోసి నిలబెట్టాడు డేవిడ్ చెర్నీ. 2014 నాటి పని. బరువు 39 టన్నులు. పొరలు దేనికది తిరుగుతూ ఉంటాయి, ముఖం చెదిరిపోతుంది, ఒక్కక్షణం మళ్లీ కుదురుకుంటుంది.

ఇవన్నీ డబ్బున్న నగరాల సంగతులు, కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ వీటితో ఏం పని అనిపించవచ్చు. అందుకే మిమ్మల్ని ముందుగా ఎలగందులకు తీసుకుపోతాను.

కరీంనగర్ నుంచి సిరిసిల్ల తోవ పడితే పది కిలోమీటర్ల దూరం. మానేరు ఒడ్డు, తాటివనాలు, కొండమీద కోట. కాకతీయుల కాలం నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఎందరి చేతులో మారిన కోట. 1905లో కచేరీలు కరీంనగర్‌కు తరలిపోయేదాకా జిల్లాకు ఎలగందులే కేంద్రం. ఆ ఊళ్లోనే జఫరుద్దౌలా 1754లో కట్టించిన జంట మినార్లున్నాయి. జనం దో మినార్ అంటారు. పైకెక్కి గట్టిగా పట్టి ఊపితే మినారు ఊగుతుంది. రాయీ ఇటుకా సున్నమూ కలిపి కట్టిన కట్టడం మనిషి చేతి బలానికి స్పందిస్తుంది. శిల్పశాస్త్రం తెలిసినవాళ్లకైనా తెలియనివాళ్లకైనా ఒళ్లు జలదరించే అనుభవమది. మామూలుగా గోడను పట్టుకుంటే అది మనల్ని పట్టించుకోదు. ఇక్కడ మాత్రం బదులిస్తుంది.

ఎలా ఊగుతుందన్నది మంత్రం కాదు. సన్నగా ఎత్తుగా ఉన్న ప్రతి కట్టడానికీ తనదైన ఒక ఊపు ఉంటుంది. ఊయలలో కూచున్న పిల్లను సరైన వేళకు చిటికెనవేలితో నెట్టినా ఊపు పెరుగుతూ పోయినట్టే, ఆ కట్టడపు సొంత లయకు సరిపడేలా తోస్తే చిన్న తోపు పెద్ద కదలిక అవుతుంది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఇట్లాంటి జంట మినార్లున్నాయి. అక్కడ ఒకటి ఊపితే రెండోది కూడా ఊగుతుంది. రెండింటిదీ ఒకే లయ కావడం వల్ల మధ్యనున్న కట్టడం గుండా ఊపు ఇటునుంచి అటు పాకుతుంది. అహ్మదాబాదులో 1452 నాటి సీదీ బషీర్ మసీదు మినార్లు కూడా ఈ కోవలోవే. కట్టినవాళ్లు లెక్కలు వేసి ఊపు తెప్పించారా, అనుభవంతో వచ్చిందా అని పండితులు వాదించుకోవచ్చు. నాకు ముఖ్యమైన విషయం వేరు. రెండున్నర శతాబ్దాలుగా మన జిల్లా జనానికి, తాకి కదిలించగలిగిన ఒక నిర్మాణం అందుబాటులో ఉంది. దూరం నుంచి దండం పెట్టి వెళ్లే రకం కాదు అది. చెయ్యి వేసి చూసే రకం. అయితే ఒక్కమాట. అంత పాత కట్టడాన్ని వచ్చినవాడల్లా ఊపుతూ పోతే అది ఎంతకాలం ఓర్చుకుంటుంది? ఆ మినార్లను ఇక కాపాడుకోవాలి, అవి ఇచ్చిన సంతోషాన్ని మరోచోట కొత్తగా కట్టుకోవాలి. నా ఈ ప్రసంగానికి మూలం ఇదే.

కదలికలో అందం చూడటం ఈ నేలకు ఒకరు నేర్పాల్సిన పనికాదు. ధర్మపురిలో నరసింహస్వామి ఉత్సవాలప్పుడు బ్రహ్మపుష్కరిణిలో తెప్ప తిరుగుతుంటే, ఆపైన డోలోత్సవం జరుగుతుంటే, గట్లమీది వేల కళ్లు ఆ తెప్పతో పాటే తిరుగుతాయి. ఆదిలాబాద్ గోండు గూడేలలో దీపావళి రోజుల దండారి ఆటలో గుస్సాడీ నర్తకులు అడుగు వేస్తే తలమీది వందలాది నెమలి ఈకలు ఒక్కసారిగా వణుకుతాయి. ఆ టోపీ బరువూ ఆకారమూ ఆ వణుకు కోసమే కుదిరినట్టుంటాయి. మర్లవాయి గుస్సాడీ గురువు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ టోపీని దేశమంతా ఫొటోల్లో చూసింది. ఫొటోలో అది అందంగానే ఉంది, కానీ అది కదలని టోపీ. గుస్సాడీని సిమెంటులో పోతపోసి రంగులేసి కూడలిలో నిలబెడితే కూడా ఇంతే అవుతుంది. ఆకారం మిగులుతుంది, గుస్సాడీ మిగలడు. మన పట్టణాల కూడళ్లకు ఏదైనా అలంకారం కావాలనగానే మొదట సిమెంటు బొమ్మ తలపుకు వస్తుంది. మహనీయుల విగ్రహాల మాట వేరు, వాటి గౌరవం వాటిది. నేననేది అలంకారం కోసం పెట్టేవాటి గురించి.

కాల్డర్ మాట మళ్లీ ఎత్తుతాను, ఎందుకంటే ఆయన కథలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. 1955లో ఆయన అహ్మదాబాదుకు వచ్చాడు, సారాభాయి కుటుంబం పిలిస్తే. మూడు నెలలు మన దేశమంతా తిరిగాడు. ఇక్కడున్నప్పుడే తొమ్మిది శిల్పాలు చేశాడు, కొన్ని నగలు కూడా చేశాడు. శిల్పీ కంసాలీ ఒకే మనిషిలో ఉండటం ఆయనకు సహజం. జేబులో పట్టుకారు, తీగచుట్ట పెట్టుకుని తిరిగేవాడు. ఆయన పద్ధతి వినడానికి తేలిక. ఒక తీగకు రెండు కొసలా రెండు రేకులు కట్టి, సమతూకం ఎక్కడ కుదురుతుందో అక్కడ కొక్కెం వెయ్యాలి. దాన్ని మొత్తంగా ఇంకో తీగ కొసకు తగిలించి, దాని రెండో కొసన మరో రేకు కట్టి మళ్లీ తూకం వెతకాలి. అట్లా కింది నుంచి పైకి కట్టుకుంటూ పోవాలి. పూర్తయ్యాక చిన్న గాలికి ఒక్కో కొమ్మ ఒక్కో వేగంతో తిరుగుతుంది. చెయ్యడంలో మాత్రం చేతికి తీగ స్వభావం తెలిసుండాలి.

తీగ స్వభావం తెలిసిన చేతులు కరీంనగర్‌లో ఉన్నాయి. వెండిని కరిగించి, కడ్డీ పోసి, కమ్మచ్చు గుండా లాగి లాగి వెంట్రుకంత సన్నం చేసి, రెండు తీగలను మెలిపెట్టి, చదును చేసి, సుడులు తిప్పి, వెలిగారం చల్లి అతికే పని. పన్నీరు బుడ్లు, అత్తరుదానులు, నెమళ్లు, పళ్లాలు. ఈ విద్య కూడా వేళ్లూనింది ఎలగందులలోనే, కచేరీలతో పాటు అదీ కరీంనగర్‌కు వచ్చింది. ఊగే మినార్లూ వెండి తీగ పనీ ఒకే ఊరివి కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కాని గుర్తింపు కాగితం కడుపు నింపదు. కొనేవాళ్లు తగ్గితే పిల్లలు వేరే పనులు వెతుక్కుంటారు. వెండి తీగను ఎండకూ వానకూ కూడలిలో వేలాడదీయమని నేను అనను. అది పిచ్చిమాట. ఆ చేతిపనిలో ఉన్న గీతను, ఆ సుడిని, ఆ జాలీ అల్లికను స్టీలు కడ్డీల్లో పెద్దగా గీయించవచ్చు. నమూనా వాళ్లు వెండితో చెయ్యాలి, వెల్డరు దాన్ని పదిరెట్లు పెంచాలి. ఇద్దరికీ కూలి దక్కాలి.

చప్పుడు కావాలంటే ఆదిలాబాద్ వైపు చూడండి. జైనూర్ దగ్గర ఉషేగాం, కేస్లగూడల్లో వోజ్ కులస్థులు మైనంతో నమూనా చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. డోక్రా పని. దీనికీ 2018లో గుర్తింపు వచ్చింది. వాళ్లు పోసే గంటలూ గజ్జెలూ గోండుల దేవతల దగ్గర మోగుతున్నవే. గాలికి తిరిగే ఒక చక్రానికి ఆ గంటలు కడితే, చూపులేని మనిషికి కూడా ఆ శిల్పం అందుతుంది. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఈ సంగతి మరీ గట్టిగా తడుతోంది.

ఇక సిరిసిల్ల. అక్కడి మరమగ్గాలను సాంచాలంటారు. ఒక సాంచాను పది నిమిషాలు నిలబడి చూడండి. చక్రం తిరిగితే పడుగు పోగులు లేస్తాయి, నాడె ఇటునుంచి అటు దూకుతుంది, దెబ్బ పడుతుంది, బట్ట ఒక పోగంత ముందుకు జరుగుతుంది. గుండ్రటి తిరుగుడును ముందువెనకల ఊపుగా మార్చడం, దాన్ని పైకీ కిందికీ మార్చడం, అన్నిటినీ వేళకు కలపడం. కదిలే శిల్పానికి కావలసిన యాంత్రిక విద్య అంతా దీంట్లోనే ఉంది. సాంచా చెడితే శబ్దం విని జబ్బు చెప్పగలిగిన మెకానిక్కులు ఆ పట్టణంలో ఉన్నారు. పాతబడ్డ సాంచాలు మాత్రం కిలోల లెక్కన తుక్కు కింద పోతాయి.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో పాత నాటకశాలను కూల్చేసినప్పుడు, దాని రంగస్థల యంత్రాల ముక్కలతో జాఁ టాంగ్లీ అనే శిల్పి పది యంత్రబొమ్మలు చేశాడు. 1977లో, పాత రంగస్థలం ఉన్న చోటే లోతులేని నీటితొట్టి కట్టి అందులో నిలబెట్టాడు. ఒకటి నీళ్లు చిమ్ముతుంది, ఒకటి జల్లెడ పడుతుంది, ఒకటి తల ఊపుతుంది. నాటకశాల పోయినా దాని కదలిక అక్కడే ఉంది. సిరిసిల్లలో పాత సాంచాల చక్రాలతో, నాడెలతో, పన్నెలతో అట్లాంటిది చెయ్యడానికి ఎవరి అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం? బెల్లంపల్లిలో, మందమర్రిలో, గోదావరిఖనిలో మూతపడ్డ బొగ్గు బాయిల టబ్బులూ చక్రాలూ ఉన్నాయి. బాయి పనికి పోయిన తండ్రి రోజూ ఏ చక్రం కింద నుంచి దిగేవాడో కొడుకులకూ మనవలకూ ఆ చక్రమే తిరుగుతూ కనిపిస్తే, అంతకంటె మంచి స్మారకం నేను ఊహించలేను.

నాకు అన్నిటికంటె ఎక్కువ మనసైనది ఇంకొకటి ఉంది. రాతి బంతి. గుండ్రని గ్రానైటు బంతిని, దానికి అచ్చంగా సరిపోయేలా తొలిచిన రాతి గిన్నెలో పెడతారు. గిన్నె అడుగు నుంచి పంపుతో నీళ్లు పంపిస్తారు. బంతికీ గిన్నెకూ నడుమ పల్చని నీటిపొర ఏర్పడుతుంది, మిల్లీమీటరులో చిన్న భాగమంత. బంతి ఆ పొర మీద తేలుతుంది. మీటరు వ్యాసమున్న గ్రానైటు బంతి దగ్గర దగ్గర 1,400 కిలోలు తూగుతుంది. దాన్ని ఐదేళ్ల పిల్ల అరచేత్తో తిప్పుతుంది, అరచేత్తో ఆపుతుంది. అమెరికాలోని రిచ్‌మండ్‌లో సైన్సు మ్యూజియం ముందున్న బంతి 29 టన్నులది. ఎలగందుల మినారు ఇచ్చే ఆనందం ఇదే, ఏ పాత కట్టడానికీ దెబ్బ తగలకుండా.

ఇప్పుడు ఆలోచించండి. టాన్ బ్రౌన్ అనే పేరుతో ప్రపంచమంతా తిరిగే గ్రానైటు కరీంనగర్‌దే. మన గుట్టలు దిమ్మెలుగా తెగి, రైళ్లెక్కి ఓడరేవులకు పోయి, చైనాలో పలకలవుతాయి. ఎన్నో గుట్టలు మన కళ్లముందే తరిగిపోయాయి. ఆ బాధ నాకూ ఉంది. పోయిన గుట్ట తిరిగి రాదు. ఇంత రాయి బయటికి పంపిన ఊళ్లో, ఆ రాయితో చేసిన ఒక్క గొప్ప వస్తువైనా పిల్లలు తాకడానికి ఉండాలా వద్దా? మన దగ్గర కోసే మిషన్లున్నాయి, పాలిష్ పట్టేవాళ్లున్నారు. బంతి గుండ్రదనం మాత్రం చాలా కచ్చితంగా రావాలి, ఏమాత్రం వంకర ఉన్నా నీటిపొర తెగుతుంది. ఆ కచ్చితత్వం నేర్చుకుంటే అదే కొత్త పని అవుతుంది, దిమ్మెల బదులు బంతులు అమ్మొచ్చు. మానేరు కట్ట మీద, 2023లో మొదలైన తీగల వంతెన దాపున, సాయంత్రం జనం చేరేచోట ఒకటి పెట్టి చూడండి.

ఇప్పటిదాకా ఉత్సాహంగా చెప్పాను. ఇక కష్టమైన భాగం. కదిలే శిల్పం చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని కదులుతూ ఉంచడం ఇంకో ఎత్తు. ప్రారంభోత్సవం నాడు రంగురంగులుగా ఎగిసి, కొన్నాళ్లకు పంపు కాలి, పాచి పట్టి, దోమలకు నిలయమైన ఫౌంటెన్లను మనం ఎన్ని ఊళ్లలో చూడలేదు! మామూలు విగ్రహం పాడైతే ముక్కు విరుగుతుంది, రంగు వెలుస్తుంది. కదిలే శిల్పం ఆగితే అది తుక్కు. పారిస్ వాళ్లకు కూడా ఈ బాధ తప్పలేదు. టాంగ్లీ, నీకి ద సాంఫాల్ కలిసి 1983లో పాంపిడూ కేంద్రం పక్కన పదహారు బొమ్మల ఫౌంటెన్ కట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పాడైంది. శిల్పులిద్దరూ పోయాక, పెద్ద మరమ్మతు చేయించి 2023లో మళ్లీ తెరిచారు. రిచ్‌మండ్‌లో మొదట పెట్టిన రాతిబంతి పగిలితే 2005లో కొత్తది తెచ్చి పెట్టారు. పగిలిందని పథకాన్నే వదిలెయ్యలేదు.

మన వాతావరణం దీన్ని ఇంకా కష్టం చేస్తుంది. రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ చలికాలంలో ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోతుంది. నలభై డిగ్రీల తేడాకు పది మీటర్ల ఉక్కు కడ్డీ దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. చలికాలంలో బిగించిన బేరింగుకు ఆ సందు వదలకపోతే మే నెలలో పట్టేస్తుంది. అందులోకి క్వారీ దుమ్ము, మీద వానాకాలపు తుప్పు. చెక్ దేశపు డిజైను తెచ్చి ఇక్కడ దించితే నిలవదు. ఏ బేరింగులోకి దుమ్ము ఎట్లా పోతుందో, ఏ గ్రీజు ఎండకు కారిపోతుందో తెలిసినవాడు గోదావరిఖని వర్క్‌షాపులోనో సిరిసిల్ల సాంచాల షెడ్డులోనో ఉంటాడు. గాలికి కదిలే ఉక్కు శిల్పాలకు పేరుపడ్డ జార్జ్ రిక్కీ తండ్రి సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో ఇంజనీరు. కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగు. ఈ కళలో శిల్పికీ ఫిట్టరుకూ నడుమ గోడ మొదటినుంచీ లేదు.

కాబట్టి పురపాలక సంఘాల వారికీ, డిజైన్లు గీసే వారికీ నా విన్నపం ఒక్కటే. ఎప్పుడైనా ఇట్లాంటి పని తలపెడితే, టెండరు కాగితంలో శిల్పం ఖరీదు పక్కనే పదేళ్ల నిర్వహణ డబ్బు రాసి పక్కన పెట్టండి. బేరింగులు, పంపు, గ్రీజు, కరెంటు బిల్లు అన్నీ కలిపి. నెలజీతం మీద ఒక ఫిట్టరును పెట్టండి, ఐటీఐ చదివిన స్థానిక కుర్రవాడో అమ్మాయో, వారానికోసారి వచ్చి చూసేలా. వానాకాలం ముందు ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఒకసారి విప్పి శుభ్రం చేసే తేదీలు ముందే నిర్ణయించండి. ఆ తేదీన బడిపిల్లల్ని పిలవండి, యంత్రం లోపల ఎట్లా ఉందో వాళ్లూ చూస్తారు. శిలాఫలకం మీద ప్రారంభించిన వారి పేరుతో పాటు తీగ వంచిన కంసాలి పేరు, గంట పోసిన వోజ్ కళాకారుడి పేరు, దాన్ని నడుపుతున్న ఫిట్టరు పేరు రాయించండి. వాటి కింద, శిల్పం ఆగిపోతే ఎవరికి కబురు చెయ్యాలో ఆ ఫోను నంబరు కూడా, దారిన పోయేవాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో.